నీళ్ల మావయ్య బదిలీ

ఆ విల్లాల కాంపౌండులో పిల్లలంతా అతన్ని నీళ్ల మావయ్య అనేవారు. పరాయి దేశంలో తొమ్మిదేళ్లుగా అతని పని స్విమ్మింగ్ పూల్ శుభ్రం చేయడం. తెల్లారేసరికి వలతో ఆకులు తీసి, క్లోరిన్ కలిపేవాడు. ఆ మందుకి వేళ్ల సందులు ఒరిసిపోయాయి. పనివాళ్లు నీళ్లలో దిగకూడదని గోడ మీద బోర్డుండేది. చేపలా ఈదగలిగిన మనిషి, అన్నేళ్లూ గట్టు మీదే తిరిగాడు.

పదిహేడో నంబరు విల్లా ఇల్లాలు తెలుగావిడే. "అన్నయ్యా" అని నోరారా పిలిచేది. ఊళ్లో ఉన్న అతని భార్యతో ఫోన్లో వదిన వరస కలిపింది. అతను పొంగిపోయి, సెలవురోజున వాళ్లింట్లో కుళాయిలు బాగుచేసి పెట్టేవాడు.

ఒక మధ్యాహ్నం ఆవిడ ఫోన్లో మునిగి ఉండగా నాలుగేళ్ల కూతురు పూల్‌లో లోతు వైపు జారిపడింది. అతను బూట్లతోనే దూకి పిల్లని పైకి తెచ్చాడు. పిల్ల నీళ్లు కక్కి, గుక్కపట్టి ఏడ్చింది. ఆవిడ అతని కాళ్లు పట్టుకున్నంత పని చేసింది.

మర్నాడు సూపర్‌వైజరు పిలిచాడు. అతనూ తెలుగువాడే.

"బూట్లతో పూల్‌లో దిగావట. విల్లాల కమిటీవాళ్లు మండిపడుతున్నారు."

"పిల్ల మునిగిపోతోంది సార్."

"మునగలేదట. మెట్ల దగ్గర ఆడుకుంటుంటే నువ్వే కంగారుపడి దూకావని తల్లి రాసిచ్చింది."

"కెమెరా చూడండి సార్."

"అటువైపుది నెల్లాళ్లుగా పనిచేయట్లేదు. నేనేం చేయను?"

ఆ సాయంత్రం ఆవిడ కారెక్కుతుంటే ఎదురెళ్లాడు.

"ఏంటమ్మా, అలా రాసిచ్చారు?"

ఆవిడ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "పిల్లని వదిలేసి ఫోన్లో ఉన్నానని తెలిస్తే మీ బావగారు నన్ను బతకనివ్వరన్నయ్యా. నీకు ఉద్యోగమైతే పోలేదుగా. ఏమీ అనుకోకు."

అతన్ని ప్రహరీ వెనక మురుగునీటి పంపుల దగ్గరికి మార్చారు. ఎంత రుద్దుకున్నా ఒంటి వాసన పోయేది కాదు.

వారం తర్వాత భార్య ఫోన్ చేసింది. గొంతులో సంబరం.

"పిల్లని కాపాడారటగా! వదిన ఫోన్ చేసి ఒకటే ఏడుపు. మీరు దేవుడంది. వీధంతా చెప్పుకున్నాను. మరి వాళ్లేమన్నారు?"

"చోటు మార్చారు."

"మంచి చోటేనా?"

"నీడపట్టునే."

భార్య ఫోన్లోంచి ఆవిడ నంబరు తీయించేద్దామని చాలాసార్లు అనుకున్నాడు. తీయిస్తే ఎందుకో చెప్పాలి. చెప్పలేక, పంపుల దగ్గరే రెండేళ్లు గడిపి, పని ఒప్పందం గడువు తీరిన రోజున పెట్టె సర్దుకుని వెనక గేటు నుంచి వెళ్లిపోయాడు.