మానిటర్ పక్కన తెల్లగుడ్డ

తెనాలిలో మా ఆయన ఫోటో స్టూడియో నడిపేవారు. డిజిటల్ కెమెరాలు వచ్చాక, కంప్యూటర్‌లో ఫోటోల రంగులు సరిదిద్దే పని నా మీద పడింది. కొత్త మానిటర్ కొన్న వారానికే రేపల్లెలో ఒక పెళ్లి తీశాం.

పెళ్లికూతురిని చేసిన ఫోటోలు తెరవగానే మా ఆయన మొహం చిట్లించారు. "ఈ మానిటర్ పసుపు కొడుతోంది" అంటూ, ఆ అమ్మాయి చెంపలు మామూలుగా కనిపించేదాకా మానిటర్ బటన్లు నొక్కి పసుపు తగ్గించేశారు. చెంపల మీద ఉన్నది ముత్తయిదువలు రాసిన పసుపేనని ఆయనకు తట్టలేదు. బటన్లు నొక్కిన సంగతి నాకు చెప్పనూ లేదు. తర్వాత నేను కూర్చుంటే మిగతా పెళ్లంతా నీలంగా కనిపించింది. ఒక్కో ఫోటోకీ ఓపిగ్గా పసుపు కలుపుకుంటూ పోయాను.

ఆల్బం కోసం పెళ్లికూతురి నాయనమ్మ వచ్చింది. నాలుగు పేజీలు తిప్పి, కళ్లజోడు సర్దుకుని నన్ను చూసింది.

"పసుపు మా పిల్లకే రాశామమ్మా. పంతులుగారికి ఎవరు రాశారు?"

నాకు నవ్వు ఆగలేదు. మా ఆయనకు నవ్వు రాలేదు.

ఆల్బం మళ్లీ వేయించాం. ఇక ఆ మానిటర్‌ని ఊరికే నమ్మకూడదని, కొత్త తెల్లగుడ్డ ఒకటి కొని దాని పక్కనే వేలాడదీశాను. తెర మీది తెలుపు ఆ గుడ్డ తెలుపుతో కలిస్తేనే రంగులు సరిగ్గా ఉన్నట్టు. "దీని జోలికి రాకండి" అని ఆయనకు గట్టిగానే చెప్పాను.

మర్నాడు వెళ్లేసరికి గుడ్డ నాలుగు మూలలా పసుపు బొట్లు.

"కొత్త గుడ్డ కదా" అన్నారు మా ఆయన.