కతకు అడ్డం రాని గాలి మిషను

నేను కోయంబత్తూరులో ఒక నూలు మిల్లులో కొనుగోళ్లు చూస్తాను. బేరింగుల దగ్గర నుంచి చీపుర్ల దాకా మూడు చోట్ల ధర అడగందే ఏదీ కొనను. ఈ అలవాటు ఇంటిక్కూడా పాకింది. కొత్తిమీర కట్టకు కూడా మూడు బండ్ల దగ్గర ఆగుతానని మా ఆయన చుట్టాలందరికీ చెప్పి నవ్విస్తుంటారు. నవ్వుకోనివ్వండి. ఆయన తెచ్చే కొత్తిమీర సాయంత్రానికే వాడిపోతుంది, నాది మర్నాటికి కూడా పచ్చగా ఉంటుంది.

అలాంటి నేను గాలిని శుభ్రం చేసే ఒక మిషను దగ్గర మాత్రం బోల్తా పడ్డాను. ఏది కొనాలో తేల్చుకోలేక కొన్ని వారాలు ఇంట్లో అందరి బుర్రా తిన్నాను.

అవసరం మా పాపది. రెండో తరగతి చదువుతోంది. చలికాలం వస్తే దాని గుండెల్లో పిల్లికూతలు మొదలవుతాయి, మా అత్త మాటలో చెప్పాలంటే మూచ్చు, అదే ఊపిరి, పట్టేస్తుంది. ఈసారి చలికాలం రాకముందే మొదలయ్యాయి, ఎందుకంటే మా పక్క స్థలంలో అపార్టుమెంటు లేస్తోంది. పొద్దున తుడిచిన కిటికీ గట్టు మీద మధ్యాహ్నానికి వేలితో అ ఆలు దిద్దుకోవచ్చు. బయటి దుమ్ము చాలనట్టు ఇంట్లో మా అత్త సాంబ్రాణి ఒకటి. శుక్రవారం తలంటు పోసుకుందంటే ఆవిడ జుట్టుకీ, పాప జుట్టుకీ, దేవుడి గూటికీ, ఆఖరికి బీరువా లోపలికి కూడా పొగ పట్టాల్సిందే.

డాక్టరమ్మ రెండు ముక్కల్లో తేల్చేసింది. సాంబ్రాణి మానాలి, పాప పడుకునే గదిలో గాలి బాగుండాలి. ఇప్పుడు పడుకునే వాళ్ల అవ్వ గదిలో, అంటే మా అత్త గదిలో, అది కుదరకపోతే పాపను మేడ మీది గదికి మార్చాలి. నెల తర్వాత మళ్లీ చూస్తానంది. అత్త గది సరిగ్గా ఆ అపార్టుమెంటు వైపే ఉంది. మేడ గదికి ఆ బాధ లేదు. కానీ మా మెట్లు నిటారుగా ఉంటాయి, అత్త మోకాళ్లు వాటిని ఎక్కనివ్వవు. అంటే పాప పైన, అత్త కింద.

ఇందులో ఇంత బాధ ఏముందని మీరు అడగొచ్చు. మా ఇళ్లలో తెలుగు ఎన్ని తరాల నాటిదో ఎవరికీ సరిగ్గా తెలియదు, కానీ ఇప్పుడది ఎక్కడ ఉందో నాకు తెలుసు. అత్త మంచం మీద ఉంది. పాపకు బడిలో ఇంగ్లీషు, వీధిలో తమిళం. నేనూ మా ఆయనా కూడా రెండు వాక్యాలు తెలుగులో మొదలుపెట్టి మూడోది తమిళంలో ముగిస్తాం. రాత్రి భోజనాలయ్యాక అత్త పక్కన పడుకుని కత వినేటప్పుడే పాప నోట నిండు తెలుగు వస్తుంది. దాన్ని మేడ మీదికి పంపడమంటే నాకు ఒక గది మారడంలా అనిపించలేదు.

ఆ కత సంగతి కూడా చెప్పాలి. మా అత్త పుట్టిల్లు తిరుమంగళం అవతల నల్లరేగడి ఊరు. అక్కడి ఒక కుంటి ఎద్దు, చిన్నమనూరులో ద్రాక్షపళ్లు తియ్యగా ఉంటాయని ఎవరో అంటే విని, తినొద్దామని బయలుదేరింది. నా పెళ్లికి ముందు నుంచీ అది నడుస్తూనే ఉంది. దారిలో కనబడిన వాళ్లందరితో మాట్లాడుతుంది, ఎవరి ఇంట్లోనో పెళ్లికి ఆగిపోతుంది. కతకు ఒక్కటే నియమం. వినేవాళ్లు ఊ కొట్టాలి. ఊ ఆగిందంటే అత్త ఆపేస్తుంది, మర్నాడు మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటుంది. అందుకే ఆ ఎద్దు ఏనాడూ చిన్నమనూరు చేరలేదు.

డాక్టరమ్మ మాట విన్న రోజే అత్త సాంబ్రాణి మట్టి మూకుడు తీసుకెళ్లి పెరట్లో బోర్లించి వచ్చింది. పాప మాత్రం అత్త పాత నూలు చీర ఒకటి మడిచి బడి సంచీలో పెట్టుకుంది. ఎందుకే అంటే, "పైన ఒంటిగా పండుకొనేదానికి" అంది. ఏ మిషనుతోనైనా సరే, ఎంతైనా సరే, ఆ చీర మళ్లీ కింది మంచం మీదికే రావాలని అప్పుడే అనుకున్నాను.

అనుకున్నానే గానీ, 'ఎంతైనా సరే' అని కొనడం నా చేతకాదు.

మిషన్ల పెట్టెల మీద రాసినవన్నీ చదివాను. ప్రతివాడూ ఇంత పెద్ద హాలును శుభ్రం చేస్తానంటాడు. కింద చిన్న అక్షరాల్లో, అది ఫ్యాను పూర్తి వేగంలో తిరిగినప్పటి మాట అని ఉంటుంది. మిల్లులో మోటార్లు అమ్మేవాళ్లు కూడా ఇదే ఆట ఆడతారు కనక నేను పడలేదు. మిషను ధర ఒకటైతే, లోపల మార్చాల్సిన ఫిల్టరు ధర ఇంకొకటి. చవగ్గా కనబడిన ఒక దానికి ఫిల్టర్లు మారుస్తూ పోతే మూడో ఏడుకల్లా ఇంకో మిషను కొన్నంత అవుతుంది. ఇంకొకటి గాలిలోకి ఏదో వాయువు కూడా వదులుతుందట, ఆయాసం ఉన్న పిల్లలకు అది మంచిది కాదని డాక్టరమ్మ ముందే చెప్పింది. దాన్ని కొట్టేశాను. మా ఆయనకు ఫోనులోంచి నడిపే మిషను మీద మనసు పడింది. ఆయనది పత్తి వ్యాపారం, ఆ పని మీద ఈరోడ్డు తిరుగుతుంటారు. ఈరోడ్డులో ఉండి కూడా ఇంట్లో గాలి ఎలా ఉందో చూడొచ్చని ఆయన సంబరం.

"ఈరోడ్డులో ఉండి మీరు చూసి ఏం చేస్తారు, ఊదుతారా?" అన్నాను. ఆ చర్చ అక్కడితో ముగిసింది.

చివరికి ఒక ఆదివారం నలుగురం షోరూముకు వెళ్లాం. అమ్మే ఆవిడ ఓపిక గలది. చిన్న మిషను, ఫోను మిషను, వాటి పక్కన బియ్యం డ్రమ్ములా పొట్టిగా లావుగా ఉన్న ఇంకొకటి, మూడూ వరసగా పెట్టింది. చప్పుడు ఎంత అని అడిగితే పెట్టె మీది అంకె చూపించింది. ఆ అంకె నాకు అర్థమవుతుంది, మిల్లులో చప్పుడు కొలిచే మీటరు కూడా ఉంది. కానీ ఆ అంకెలో కత వినబడుతుందా లేదా అన్నది ఉండదు కదా.

"అత్తా, ఇట్లా కూర్చొని కత చెప్పండి" అన్నాను.

"ఈడనా? ఇంతమంది ముందరా?"

"మంచం మీద చెప్పినట్టే, మెల్లగా."

అత్త సోఫాలో కూర్చుంది. పాప ఆవిడ తొడ మీద తల పెట్టుకుని పడుకుంది. మిషను ఇంట్లో మంచానికి ఎంత దూరంలో ఉంటుందో అంత దూరంలో పెట్టించాను. ముందు చిన్నదాన్ని పూర్తి వేగంలో పెట్టింది అమ్మే ఆవిడ. అత్త గది సైజుకు అది అంత వేగంలో తిరిగితేనే చాలుతుంది. అత్త పెదవులు కదులుతున్నాయి. పాప ఊ అనడం లేదు.

"అవ్వా, రొంబ సత్తముగా ఉండాది. ఎద్దు యాడుండాదో వినబడలే" అని లేచి కూర్చుంది.

వేగం తగ్గిస్తే ఎద్దు వినబడింది, కానీ ఆ వేగంలో ఆ మిషను గదికి చాలదు. ఫోను మిషను బాగానే ఉంది. తగ్గు వేగంలో ఊ మీద ఊ పడింది. అయితే దాని ధర చిన్నదానికి మూడింతలు, ఫిల్టరు ధర కూడా దాని హోదాకు తగ్గట్టే. ఇక మిగిలింది డ్రమ్ము. దాన్ని ఎవరూ పెద్దగా అడగరని అమ్మే ఆవిడే ఒప్పుకుంది. ధర ఫోను మిషనులో సగం కూడా లేదు. తెర లేదు, ఫోను లేదు, ముందొక చిన్న దీపం, అంతే. గాలి బాగుంటే పచ్చగా, బాగాలేకపోతే ఎర్రగా వెలుగుతుంది. నిజానికి అది మా గదికంటే పెద్ద గదికి చేసింది. అందుకే బాగా తగ్గించి పెట్టినా, చిన్నది గొంతు చించుకుని చేసే పని ఇది గొణుక్కుంటూ చేసేస్తుంది. అత్త గొంతు ఇంకా తగ్గించింది. పాప కళ్లు మూసుకుని ఊ, ఊ అంటోంది. వాషింగ్ మిషన్లు చూడటానికి వచ్చిన ఒక కుటుంబం కూడా ఆగి నిలబడింది. మాట ఒక్కటీ అర్థం కాకపోయినా వాళ్లు కదల్లేదు.

"సరి, ఎద్దు ఉసిలంపట్టి సంతకు వచ్చినాది. ఇంగ చాలు, గొంతు ఎండతాది" అని అత్తే ఆపింది.

డ్రమ్మునే కొన్నాం. నేను బేరం ఆడి తర్వాతి ఫిల్టరు కూడా ఆ ధరలోనే ఇప్పించుకున్నాను. ఆ రోజు నేను ఎంత ఉబ్బిపోయానో చెప్పలేను.

ఆ ఉబ్బు సాయంత్రానికే దిగిపోయింది. గది తలుపూ కిటికీలూ మూసి మిషను పెడితే దీపం ఎర్రగా వెలిగింది. కాసేపు చూద్దాం అనుకున్నాం. తెల్లవారినా ఎరుపే. అత్త తన గదిని తనే అనుమానించడం మొదలుపెట్టింది. తెరలు ఉతికించింది, దిండ్లు ఎండబెట్టించింది, తన గుడ్డల బీరువా హాలులోకి తోయించింది. అయినా దీపం కన్నెర్ర చేసుకునే ఉంది. సాంబ్రాణి వాసన గోడల్లోకి ఇంకిపోయిందేమోనని మా ఆయన ఒక మాట అన్నారు. చెడ్డ ఉద్దేశంతో కాదు గానీ అత్త ముఖం చిన్నబోయింది.

"పాపను పైకి పంపించేయండ్రా" అంది. "నా పక్కన పండుకొని దాని మూచ్చు చెడేది నాకొద్దు."

ఆ మాట అని, డ్రమ్ము వచ్చాక పాప మళ్లీ మంచం మీద పరుచుకున్న చీర తీసి, తన చేత్తోనే మడిచి పాప సంచీ మీద పెట్టింది. నాకు ఏడుపు, కోపం ఒకేసారి వచ్చాయి. కోపం డ్రమ్ము మీద. దాన్ని షోరూములో తిరిగి ఇచ్చేద్దామని బిల్లు తీసుకున్నాను. మిషనును అట్టపెట్టెలో పెట్టడానికి వంగితే పాప కూడా పక్కనే గొంతుకూర్చుంది.

"అమ్మా, దీనికి కూడా ముక్కు మూసుకోనుండాది" అంది.

చూశాను. మిషను పక్కన, గాలి ఎలా ఉందో పసిగట్టడానికి చిన్న చిన్న కన్నాలున్నాయి. వాటి మీద నిండుగా గంధం, గంధం మీద కుంకుమ. ఎండిన కుంకుమ పొడి కన్నాల్లోకి రాలుతోంది.

మా ఇళ్లలో కొత్తగా ఏది వచ్చినా బొట్టు పెట్టందే పని మొదలెట్టనివ్వరు. స్కూటరుకు పెడతాం, మిక్సీకి పెడతాం, మా మిల్లులో వంద అడుగుల మిషనుకు కూడా పెడతాం. అత్త కూడా, మేము తలుపులు మూసే లోపలే ఆ పని కానిచ్చేసిందన్నమాట. సరిగ్గా ఆ కన్నాల మీదే ఎందుకు పెట్టారని అడిగాను.

"ముఖం యాడుండాదో తెలియలే. అది ముఖం మాదిరి ఉండె" అంది అత్త.

తడిగుడ్డతో గంధం తుడిచి, కన్నాల్లో పొడిని మెత్తటి బ్రష్షుతో దులిపాను. నలుగురం మంచం మీద కూర్చుని దీపాన్నే చూస్తున్నాం. కాసేపటికి ఎరుపు పోయి పచ్చ వెలిగింది. మా ఆయన చప్పట్లు కొట్టారు. అత్త నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. తర్వాత కుంకుమ భరిణె తెచ్చి, నన్ను అడిగి, ఏ కన్నమూ లేని చోట మళ్లీ బొట్టు పెట్టింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

నెల తర్వాత డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి చాలాసేపు వింది. బాగుంది, పాప ఎక్కడ పడుకుంటే అక్కడే పడుకోనివ్వండి అంది. సాంబ్రాణి ఇప్పుడు పెరట్లోనే, అది కూడా పాప బడికి వెళ్లాక.

ఖర్చూ పనితనమూ అన్నీ లెక్క చూసుకున్నాననుకున్న నాకు ఒకటి తట్టలేదు. ఈ మిషను పనిచేయాలంటే తలుపు మూయాలి. ఇన్నేళ్లూ ఆ తలుపు తెరిచే ఉండేది. నేను హాలులో బట్టలు మడుస్తూ, మా ఆయన ఫోను చూస్తున్నట్టు నటిస్తూ ఆ కత వింటూనే ఉండేవాళ్లం. ఇప్పుడు మూసిన తలుపు ముందు ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చున్నాం. మొదట లేచింది ఆయనే. గాలి ఎలా ఉందో చూసొస్తానని దిండు చంకలో పెట్టుకుని లోపలికి పోయి, మరి రాలేదు. మర్నాడు నేనూ చాప తీసుకుని వెళ్లాను. ఇద్దరి కోసం కొన్న మిషను నలుగురికి ఊదింది. పెద్దది కొనడం మంచిదైంది.

మొన్న ఒక రాత్రి ఎద్దు ఉసిలంపట్టి దాటి ఆండిపట్టి కనుమ కిందికి వచ్చింది. ఎత్తు చూసి కుంటికాలు నెప్పెడుతోందని ఆగింది. పాప ఊ సన్నబడి ఆగిపోయింది. దాని ఊపిరి నూనె రాసినంత నున్నగా నడుస్తోంది, ఒక్క కూత లేదు. అత్త కూడా ఆగింది. డ్రమ్ము ఒక్కటే గొణుగుతోంది.

"ఊ" అన్నారు చాప మీద నుంచి మా ఆయన.

అత్త చాప వైపు వంగి చూసింది. "నువ్వు ఇంగా మేలుకోనుండావా సామీ?" అంది. "చిన్నప్పుడు ఎప్పుడూ ఈ కణవాయి కాడనే నిద్దరపోతావుంటివి."

"ఊ" అన్నారు ఆయన మళ్లీ.

అత్త పాప మీద చీర సర్ది, కొంచెం పైకి జరిగి కూర్చుంది. నేను కూడా ఊ అన్నాను. ఎద్దు కనుమ ఎక్కడం మొదలుపెట్టింది.