చేతులు కడుక్కోనివ్వలేదు

నేను శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టుకు దగ్గరున్న ఒక హోటల్లో హౌస్‌కీపింగ్ పని చేస్తాను. కిందటేడు ఒకరోజు ఉదయం, విమానం దిగి వచ్చిన అతిథి గదిలో వాంతి చేసుకుంటే శుభ్రం చేస్తున్నాను. నా గ్లౌజులు చిరిగిపోయి వారమైంది. ఎన్నిసార్లు అడిగినా కొత్తవి ఇవ్వలేదు. ఉత్త చేతులతోనే తుడుస్తున్నాను.

అంతలో సూపర్‌వైజర్ వచ్చాడు. "అక్కా, కింద హాల్ల మీటింగ్ ఉంది. జల్ది రా."

"జర ఆగు సార్, చేతులు కడుక్కొని వస్త."

"తర్వాత కడుక్కోవచ్చు తియ్. అక్కడ ఫొటోలు తీస్తున్నరు."

కింద హాల్లో, మా పనివాళ్ల ఒత్తిడి పోగొట్టడానికి ఎవరో మేడమ్ వచ్చింది. వేళ్లతో ముఖం మీద తట్టుకుంటే మనసులోని బాధ తగ్గుతుందట. నన్నే ముందుకు పిలిచి కనుబొమ్మల మీద, కళ్ల కింద తట్టుకోమంది. ఊపిరి బిగబట్టి తట్టుకున్నాను.

"ఇప్పుడు ముక్కు కింద" అంది.

"మేడమ్, నా చేతులు..."

"సిగ్గుపడకండి. గట్టిగా ఊపిరి పీల్చి తట్టండి."

సూపర్‌వైజర్ కళ్లెర్రజేశాడు. తట్టాను. ఆ పుల్లటి కంపు నేరుగా ముక్కులోకి పోయింది. అందరి ముందూ భళ్లున కక్కేశాను.

మేడమ్ ముఖం వెలిగిపోయింది. "చూశారా! ఇన్నాళ్లూ లోపల దాచుకున్న బాధంతా బయటికి వచ్చేసింది!"

హాలంతా చప్పట్లు.

మా మనసుల కోసం మేడమ్‌ను పిలిపించినవాళ్లకు ఒక జత గ్లౌజులు మాత్రం గుర్తుకు రాలేదు. ఆ చప్పట్లు తలచుకుంటే ఇప్పటికీ అసహ్యమే. అవి ఆగకముందే సూపర్‌వైజర్ బకెట్ తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇగ తుడువు అక్కా" అన్నాడు.