రెండు మెట్లు దిగిన జపాన్ గిటారు

దెయ్యాలు, ఆత్మలు, గాలి సోకడం లాంటివి నేను ఏనాడూ నమ్మలేదు. మాది గాజువాక. పోర్టుకు వెళ్లే లారీలను తూచే కాటా దగ్గర నా ఉద్యోగం. చదువు పదో తరగతితో ఆగిపోయినా, పాత పుస్తకాలు కొనుక్కుని లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. ఎవరైనా తమ ఇంట్లో ఏదో వింత జరిగిందంటే, కొలిచి చూశారా అని అడిగే రకాన్ని. ఇక్కడ రాస్తున్నది కూడా కొలిచి చూశాకే రాస్తున్నాను.

మా ఆవిడ ఈశ్వరి ఆర్కెస్ట్రాలో పాడేది. పెళ్లిళ్లు, అమ్మవారి సంబరాలు, ఎక్కడ పిలిస్తే అక్కడ. ఆ ఆర్కెస్ట్రా నడిపేది ఆమె తమ్ముడు అప్పారావు. కీబోర్డు వాయించేది కూడా అతనే. ఐదు శృతిలో ఎత్తుకుంటే మైకు పోయినా వెనక వరసకు వినిపించే గొంతు ఈశ్వరిది.

కిందటేడు ఆమె మెడలో గడ్డకు ఆపరేషన్ అయింది. గడ్డ పోయింది, మాట బాగానే వచ్చింది. కానీ పాటలో పై స్వరాల దగ్గరకు వచ్చేసరికి గొంతు తెగిపోయేది. ఆ ఎత్తు మళ్లీ రాకపోవచ్చని డాక్టరు చెప్పారు.

శృతి తగ్గించుకుని పాడొచ్చు. ఆమె ఒప్పుకోలేదు. ఈశ్వరి గొంతు దిగిపోయిందని నలుగురూ అంటారని ఆమె భయం. ఓసారి అప్పారావు చెప్పకుండా కీబోర్డులో బటన్ నొక్కి శృతి దించబోయాడు. అతని వేలు ఎటు వెళ్లిందో ఆమె చూడనే చూసింది.

"నాను కుంటిదాన్నేటిరా, సేతికి కర్ర ఇత్తన్నావు?" అని లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాత మా ఇంట్లో కూనిరాగం కూడా వినిపించలేదు.

ఇంతలో సబ్బవరంలో సంబరం దగ్గరపడింది. ఏటా అక్కడ మొదటి పాట ఆమెదే.

"అక్క రానంటే ఇంకో అమ్మాయికి మాటిచ్చేయాలి బావా" అన్నాడు అప్పారావు. "ఎల్లిపోయిన సోటు మల్లీ రాదు."

ఆ చోటు పోతే ఈశ్వరి ఇక పాడదని మా ఇద్దరికీ తెలుసు.

ఆ రోజుల్లోనే ఫోనులో ఒక ప్రకటన కనిపించింది. పాత ఎలక్ట్రిక్ గిటారు, జపాన్‌లో చేసింది. కుర్రతనంలో నేను గిటారు తీగలు నొక్కే నాలుగు పట్లు నేర్చుకున్నాను, చేతికి ఇంకా గుర్తున్నాయి. కీబోర్డు చూస్తే లేచిపోయే మనిషి గిటారు ముందు కూర్చుంటుందేమో అనుకున్నాను. అంతకు మించి ఆలోచన లేదు.

అమ్మే మనిషి పేరు నూకరాజు. సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల కాలనీలో ఉంటాడు. వాళ్ల నాన్న ఓడలో వంటవాడట, ఏనాడో జపాన్ వెళ్లినప్పుడు తెచ్చాడట. అంచులు నల్లగా, నడుమ తేనెరంగు. తీగలు తుప్పు పట్టాయి గానీ మెడ వంగలేదు. నేను జేబులోంచి స్టీలు టేపు తీసి కొలిచాను. మెడ పైకొస నుంచి, మెడ మీద అడ్డంగా ఉండే మెట్లలో పన్నెండోదాని వరకు ఎంతో, అక్కడి నుంచి కింద తీగలు ఆనే చోటికి అంతే ఉండాలి. ఉంది.

నూకరాజు నవ్వాడు. "గిటారు కొంతన్నావా బావ, సొరసేప కొంతన్నావా? టేపెట్టి మరీ కొలుత్తన్నావ్!"

ఇంటికి తెచ్చి కొత్త తీగలు వేశాను. ఫోనులో శృతి చూపించే యాప్ ఉంది, దాంతో సరిచేశాను. ఈశ్వరి గుమ్మంలోంచి ఓసారి చూసి లోపలికి పోయింది.

మర్నాడు ఉదయం చూస్తే శృతి దిగిపోయి ఉంది. కొత్త తీగలు సాగుతాయి, అందులో వింతేమీ లేదు. మళ్లీ బిగించాను. మర్నాడు మళ్లీ అదే. ఈసారి యాప్‌లో అంకెలు చూశాను. నూట పది హెర్ట్జ్ ఉండాల్సిన ఐదో తీగ తొంభై ఎనిమిది చూపించింది. మిగతా తీగలకు లెక్క కట్టాను. ఆరింటిలో ఒక్కటీ తేడా లేకుండా సరిగ్గా రెండు మెట్లు, అంటే రెండు అరస్వరాలు దిగాయి. యాప్ తప్పేమోనని అప్పారావు కీబోర్డుతో పోల్చి చూశాను. తప్పు లేదు.

ఇక్కడే నా లెక్క ఆగిపోయింది. సన్న తీగ, లావు తీగ ఒకేలా సాగవు. చెక్క వంగినా, తీగలు బిగించే బిరడాలు జారినా ఒక తీగ ఎక్కువ దిగాలి, ఇంకోటి తక్కువ దిగాలి. అన్నీ ఒకే నిష్పత్తిలో దిగడానికి ఏ దారీ దొరకలేదు. మళ్లీ శృతి సరిచేసి, బిరడాల మీద సన్నగా పెన్సిల్ గీతలు పెట్టి, గిటారును బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నాతో పనికి తీసుకెళ్లాను. తిరిగొచ్చి చూస్తే గీతలు కదల్లేదు. తీగలు మాత్రం రెండు మెట్లు దిగే ఉన్నాయి.

నూకరాజు దగ్గరకు వెళ్లాను. మీ నాన్నగారు శృతి దించుకుని వాయించేవారా అని అడిగాను. అవునంటే అదో ఆధారం అనుకున్నాను.

"వాయించడమేటి బావ!" అన్నాడు. "మా అయ్యకి గరిటి తిప్పడం తప్ప ఏటీ రాదు. వొచ్చినోలకి సూపించుకోడానికి గోడకి ఏలాడేసేవోడు. ఆయన పోయాక నాను దాని మీద తువ్వాల ఆరేసుకున్నాను. తిరిగి తీసుకోమంటే మాత్రం తీసుకోను, ముందే సెప్తన్నాను."

దానిని వాయించినవాళ్లు ఎవరూ లేరు. చనిపోయిన విద్వాంసుడి కథ కూడా లేదు.

ఆదివారం మధ్యాహ్నం బిగించే ఓపిక లేక, దిగిన తీగల మీదే వాయించడం మొదలుపెట్టాను. ఈశ్వరి ఏటా సబ్బవరంలో ఎత్తుకునే అమ్మవారి పాట అది. చేతి పట్లు పాతవే, అన్నీ ఐదు శృతికి పట్టే పాత చోటనే. ఆమె హాల్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. పల్లవి రెండోసారి వచ్చేసరికి నా చేతివైపే చూస్తూ సన్నగా అందుకుంది.

నేను తల ఎత్తలేదు. చరణంలో గొంతు తెగే చోటు వస్తోంది. ఆమె ఆ చోటు ఎక్కింది. అక్కడే నిలబడింది. ఇష్టం వచ్చినంత సేపు నిలబడి, మెల్లగా దిగింది.

"ఎక్కీసింది కదేటండీ!" అంది. చిక్కుడుకాయలు నేలంతా పడ్డాయి. "ఐదులో ఎక్కీసింది!"

నేను ఫోను చూపించాను. తప్పు తూకం చెప్పడం నాకు చేతకాదు. ఐదు కాదు, నాలుగు. మధ్యలో నాలుగున్నర ఉంది కాబట్టి గిటారు మీద అది రెండు మెట్లు. ఏం జరుగుతోందో అంతా చెప్పాను.

ఆమె ఫోను అందుకుని అంకెలు చూసింది. లేచి వెళ్లిపోతుందనుకున్నాను.

"నాలుగా?" అంది. "నాలుగులో ఇంత బాగుంటాదేటి? మరి ఇన్నాల్లూ నోరు మూసుకుని ఎందుకు కూకున్నానండీ నాను!" పకపకా నవ్వి, పాట మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.

మర్నాడు ఉదయం గిటారు తీశాను. ముందురోజు రాత్రి మామూలు శృతికి బిగించి పెట్టాను. ఒక్క వెంట్రుకంత కూడా కదల్లేదు. ఆ తర్వాత ఏనాడూ దిగలేదు. సబ్బవరం వెళ్లే ముందు నా చేత్తోనే బిరడాలు తిప్పి దించాల్సి వచ్చింది. ఒక తీగ సరిచేస్తే ఇంకోటి కదిలేది. ఆరింటినీ ఆ కొలతకు తెచ్చేసరికి నా తల ప్రాణం తోకకు వచ్చింది.

సంబరంలో మొదటి పాట ఈశ్వరిదే. వేదిక మీద అప్పారావు పక్కన గిటారుతో నేనూ కూర్చున్నాను. పాట అయ్యాక ముందు వరసలోంచి ఒక పెద్దాయన గట్టిగా అడిగాడు. "ఏటమ్మా, గొంతు మారిపోనాదేటి?"

ఆమె ఇన్నాళ్లూ భయపడిన మాట అదే. అప్పారావు నా వైపు చూశాడు.

ఈశ్వరి మైకు దగ్గరికి జరిగింది. "మారింది బాబూ. ఆపరేసనయింది. ఇప్పుడు నాను నాలుగులో పాడతన్నాను. బాగోకపోతే సెప్పండి, దిగిపోతాను."

"దిగిపోతే ఊరుకుంటామేటి!" అన్నాడు పెద్దాయన. "మల్లీ అదే పాడమ్మా!" వెనక నుంచి ఈలలు. అప్పారావు అప్పటికే వాయించడం మొదలుపెట్టేశాడు. ఆ సాయంత్రం ఆ పాట మూడుసార్లు పాడించారు.

ఆ ఆరు తీగలు ఒకే కొలతగా ఎలా దిగాయో, ఆమె పాడిన రోజు నుంచి ఎందుకు మానేశాయో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినవారు చెబితే తప్పకుండా వింటాను. ఆదివారాలు తప్పించి ఎప్పుడైనా రండి. ఆదివారం మా ఇంట్లో ఈశ్వరి పాడుతూ ఉంటుంది, మధ్యలో ఎవరు మాట్లాడినా ఊరుకోదు.