మొదటి గరిటె దొరగారిది

పాత వస్తువులను కాపాడటం నా ఉద్యోగం. ముప్పై ఏళ్లకు పైబడిన ఆ ఉద్యోగంలో నేను చేసిన అతి పెద్ద తెలివితక్కువ పని ఒక పాత వస్తువును కాపాడటమే. రెండో ప్రపంచయుద్ధం మొదలైన రెండో ఏటి ఎండాకాలంలో, వనపర్తికీ ఖిల్లా ఘణపూర్‌కూ నడుమనున్న ఒక చిన్న జాగీరులో, పొయ్యి మీదున్న రాగి గుండిగను దింపించాను. మసి తోమించాను. అడుగున ఎర్ర రంగుతో నంబరు వేసి, ఒక గదిలో ఎత్తు పీట మీద పెట్టించి తాళం వేయించాను. ఆ పూట అందులో ఊరి బయటి ఒక వాడ మొత్తానికి అంబలి కాగవలసి ఉందన్న సంగతి నాకు తెలియదు. తెలిసినా, అంబలి నా శాఖ కిందికి రాదు కాబట్టి పట్టించుకునేవాణ్ణి కాదేమో.

అప్పట్లో నేను హైదరాబాదు సర్కారువారి కొలువులో, పురావస్తువులు చూసే ఒక దఫ్తరులో నాయబ్ ముహాఫిజ్‌ను. ముహాఫిజ్ అంటే వస్తువుల సంరక్షకుడు. నాయబ్ అంటే, ఆయన సంతకం పెట్టడానికి ముందు చేయవలసిన తప్పులన్నీ చేసి సిద్ధంగా ఉంచేవాడు. ఒకనాడు మా పైఅధికారి పిలిచి, పాలమూరు వైపు ఒక జాగీర్దారు ధాత కరువు స్మారకంగా ప్రదర్శనశాల పెడుతున్నాడనీ, పని తెలిసిన మనిషి కావాలని అడిగాడనీ చెప్పి, పని తెలిసినవాళ్లెవరూ ఖాళీగా లేనందువల్ల నన్ను పంపించాడు.

ధాత కరువు అంటే మా తాతల నాటిది. దక్కను దేశాన్నంతా ఊడ్చిపెట్టిన కరువు. ఊళ్లకు ఊళ్లు లేచిపోయాయి, లేవలేనివాళ్లు అక్కడే పోయారు. అంతటి విషాదానికి ఒక గుర్తుండాలనుకోవడం మంచి ఆలోచనే. నేను వనపర్తి రోడ్డు స్టేషనులో దిగాను. ఆ పేరులో వనపర్తి ఉంది గానీ స్టేషను దగ్గర వనపర్తి లేదు. ఉన్నది రోడ్డే, అదీ కొంతదూరం. అక్కణ్ణుంచి కచ్చడం బండిలో కొత్తకోట మీదుగా, పెద్దమందడి దాటి పోతుంటే, రెండు పక్కలా చేలు నున్నగా, బోడిగా ఉన్నాయి. వానలు ముఖం చాటేసి ఏడాది దాటిందని బండివాడు చెప్పాడు. గడ్డి లేక ఎడ్లు అమ్ముకున్నవాళ్ల పేర్లు కూడా చెప్పాడు. కరువు ప్రదర్శనశాల పెట్టడానికి పోతూ దారి పొడుగునా కరువును చూశాను. కానీ దానికి నంబరు లేదు కాబట్టి నా కంటికి ఆనలేదు.

దొరగారికి అరవై ఏళ్లుంటాయి. భారీ విగ్రహం. ప్రదర్శనశాల వెనుక ఆయన ఆశలు రెండు. ఒకటి, సర్కారు నుంచి ఖితాబు, అంటే పేరు ముందు తగిలించుకునే బిరుదు. దానికి సిఫారసు చేయవలసిన అవ్వల్ తాలూక్‌దారు, అంటే జిల్లాకు పెద్ద అధికారి, ప్రారంభోత్సవానికి వస్తున్నాడు. రెండోది ఆయన పైకి చెప్పలేదు, నాకు మెల్లగా అర్థమైంది. ఆ ఏడు జాగీరులో గంజి పొయ్యి వెలిగించాలని రైతులూ కూలీలూ అర్జీ పెట్టుకున్నారు. వెలిగిస్తే జొన్నలు దొరగారి పాతరల్లోంచి తీయాలి. కరువంటే పాత సంగతి అని తాలూక్‌దారుకు నమ్మకం కలిగితే ఆ గొడవ ఉండదు. కరువును ఒక గదిలో పెట్టి బయట తాళం వేస్తే, బయట కరువు లేనట్టే కదా.

"మా తాత పెట్టిన గంజితోనే ఈ ముల్కంత బతికింది పంతులూ," అని దొరగారు మొదటి రోజే చెప్పారు. "రోజూ మొదటి గరిటె తనే తాగుతుండె. తను తాగినంకనే జనానికి పోయిస్తుండె. గిట్లాంటి దొరను యాడన్న సూసినవా?"

చూడలేదని చెప్పాను. ఆ మాటను యథాతథంగా ఫలకం మీద రాయించాను. ఫలకం అంటే వస్తువు పక్కన పెట్టే పరిచయపు చెక్క. మా వృత్తిలో దాత చెప్పింది చెప్పినట్టు రాయడం నియమం. నిజమో కాదో తేల్చడం పైవాళ్ల పని, వాళ్లు తేల్చరు.

ఇక వస్తువులు కావాలి. ఆనాటి గంజి గుండిగ ఒకటి వాడలో ఉందని ఎవరో చెప్పగానే నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. అసలు వస్తువు! దొరగారి మనుషుల్ని వెంటబెట్టుకుని పోయి, పైన చెప్పిన ఘనకార్యం చేశాను. కళాయి, అంటే తగరపు పూత, పాతబడి మాసిపోయిందని లోపలంతా గీకించి, ఎర్రని రాగి మెరిసేలా చేశాను కూడా.

ఆ తర్వాత బొమ్మలు. కరువు జనం మట్టిబొమ్మలు చేయడానికి ఒక కుమ్మరి వచ్చాడు. దారిలో కనబడినవాళ్లను తలుచుకుని చేశాడు కాబట్టి అచ్చం మనుషుల్లాగే వచ్చాయి. డొక్కలు లోపలికి, కళ్లు ఇంకా లోపలికి. దొరగారు చూసి మొహం చిట్లించారు.

"గింత బక్కగున్నరేంది? సూసినోళ్లు మా తాత కడుపునిండ పెట్టలే అనుకుంటరు. జర మట్టి ఎక్కియ్యి."

మట్టి ఎక్కించాం. మళ్లీ చూశారు. బుగ్గలు తక్కువయ్యాయన్నారు. బుగ్గలు పెట్టాం. మూడోసారి చూసి, ఏడుపు మొహాలెందుకన్నారు. నవ్వులు పెట్టాం. చివరికి మా కరువుపీడితులు మామగారింటి నుంచి సారె తెచ్చుకుంటున్న అల్లుళ్లలా తయారయ్యారు. కుమ్మరి నా చెవిలో, "జర ఆగితే తాంబూలాలు గూడ పెట్టమంటడేమో అయ్యా," అన్నాడు.

ఒకనాటి పొద్దున దేవమ్మ వచ్చింది. దేవమ్మ వాడలో నడివయసు కూలిమనిషి. ఆదివారం ప్రార్థనలో పాట ఎత్తుకునేదీ ఆమే, మిగిలిన రోజుల్లో తగవులు తెంచేదీ ఆమే. నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చి గడప అవతల నిలబడింది. లోపల బొమ్మల్ని చాలాసేపు చూసింది.

"గివి ఎవరి బొమ్మలు పంతులూ?"

కరువులో ఉన్న జనమని చెప్పాను.

"గట్లనా! గా కరువు ఏ ఊర్ల ఉన్నదో జర తోవ చెప్పు. మేము గూడ పోతం."

వెనకనున్నవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గుమ్మం మీద నేను రాయించిన 'ముట్టరాదు' అన్న పలక ఉంది. అదేమిటని అడిగితే చదివి చెప్పాను.

"గీ మాట పలక మీద రాసి చెప్పాల్నా అయ్యా? పుట్టినకాడికెల్లి వింటనే ఉన్నం," అంది. అప్పుడు అసలు విషయానికి వచ్చింది. "మా గుండిగ ఎప్పుడిస్తరు?"

నమోదైన వస్తువు తిరిగి ఇచ్చే వీలు లేదని నేను చెప్పాను. ఎవరి కుండలో వాళ్లు వండుకోవచ్చు కదా అని సలహా కూడా ఇచ్చాను. నా జీవితంలో సలహాకు అంత త్వరగా జవాబు ఎన్నడూ రాలేదు. వాడలో ఒక పద్ధతి ఉందట. ఎద్దడి వచ్చిన ఏడు ఇంటికొకరు పిడికిలి మూసుకుని వస్తారు. ఆవిర్లు కక్కుతున్న గుండిగ మీద పిడికిలి విప్పుతారు. ఎవరి చేతిలో జొన్నపిండి ఉందో, ఎవరి చేతిలో ఏమీ లేదో ఎవరూ చూడరు. చూడకూడదు. తాగేటప్పుడు మాత్రం అందరికీ ఒకే ముంత.

"గుండిగ ఒక్కటైతే లేనోడు కనపడడు పంతులూ. ఎవరి కుండ వాళ్లదైతే, ఎవరి పొయ్యిల పొగ లేదో ఊరంతా కనపడ్తది. మొన్నటికెల్లి మూడిండ్లల్ల పొగ లేదు. ఆళ్లు అడగరు. మేం పెడ్తమన్నా సిగ్గువడి రారు. మీరు నమోదు చేస్తే గుండిగ ఎన్నేండ్లుంటది?"

చిరకాలం భద్రంగా ఉంటుందన్నాను.

"అయితే మమ్ముల గూడ నమోదు జెయ్యి. కావాలంటే అడుగున ఎర్ర రంగు మేమే పూసుకుంటం."

ఆమె వెళ్లిపోయింది. వేళాకోళంగా అన్నదే. కానీ ఆ మధ్యాహ్నం భోజనం ముందు కూర్చున్నప్పుడు ఆ వేళాకోళంలో ఒక దారి కనబడింది. నమోదైన వస్తువు శాల దాటి పోకూడదన్నది నియమమే. శాలలోకి పొయ్యి రాకూడదని మాత్రం ఎక్కడా లేదు.

దొరగారి దగ్గరికి పోయి, మట్టిబొమ్మలు తాలూక్‌దారు చాలా చూసి ఉంటాడనీ, తాతగారి ఘనత కళ్లకు కట్టాలంటే ప్రారంభోత్సవం నాడు శాల ముంగిట్లో అసలు గుండిగలో అసలు గంజి కాచి చూపించాలనీ విన్నవించాను. దొరగారికి నచ్చింది. ఒక్క అనుమానం వచ్చింది.

"తాగేటందుకు జనం కావాలె గద? వాడోళ్లు బక్కగుంటరు. బాగుండదు."

"వేషం అనుకుంటారండీ," అన్నాను.

ఆయన మొహం వికసించింది. "గట్లయితే వేషం మంచిగెయ్యమను!"

కొత్తకోట నుంచి కళాయివాణ్ణి పిలిపించి, నేను గీకించిన కళాయిని మళ్లీ వేయించాను. కళాయి లేని రాగిలో అంబలి కాచితే విషం. ఆ పనిని కాగితాల మీద 'వస్తు సంరక్షణ' అని చూపించాను. నా ఉద్యోగంలో ఆ మాటను సరైన అర్థంలో వాడటం అదే మొదలు. జొన్నలు దొరగారి పాతరలోంచి వచ్చాయి. దొరగారి వంటస్వామికి నెయ్యి లేని వంట రాదు కాబట్టి కాచే పని దేవమ్మకు పడింది.

తాలూక్‌దారు పొడుగాటి మనిషి, మితభాషి. బొమ్మల గది చూసి, వీళ్లు కరువుకు ముందువాళ్లా తర్వాతివాళ్లా అని మాత్రం ఉర్దూలో అడిగాడు. దొరగారు గబగబా బయటికి దారి చూపించారు. ముంగిట్లోకి వచ్చాడు. వాడ జనం బారులు తీరి ఉన్నారు. గుండిగ ఆవిర్లు కక్కుతోంది. నేను ఫలకం చదివి ఉర్దూలో అర్థం చెప్పాను: మొదటి గరిటె ప్రభువు తాగిన తర్వాతే ప్రజలకు పోసేవారు. తాలూక్‌దారు చివరిదాకా విన్నాడు. తల తిప్పి దొరగారి వైపు చూస్తూ నిలబడ్డాడు.

దొరగారు నా వైపు చూశారు. నేను ఫలకం వైపు చూశాను. దేవమ్మ గరిటె నింపి, తల వంచుకుని, ఎత్తి పట్టుకుంది. వాడ మనిషి చేతి వంట దొరగారి గడప లోపలికి ఎన్నడూ రాలేదు. ఒక పక్క పుట్టుక, ఇంకో పక్క ఖితాబు. చివరికి ఖితాబు గెలిచింది. దొరగారు కళ్లు మూసుకుని తాగారు.

"ఉప్పేది?" అన్నారు, కళ్లు తెరవకుండానే.

"ఉప్పు మీ కొట్టుల ఉన్నది దొరా," అంది దేవమ్మ.

తాలూక్‌దారు అక్కడ పొగడ్తలేమీ కురిపించలేదు. పోయేటప్పుడు నన్ను పిలిచి, ఈ సంస్థకు నియమావళి రాసి పంపు, మంజూరు చేస్తాను అన్నాడు. ఇటువంటి అవకాశం నాయబ్‌లకు తరచుగా రాదు. శాల ప్రతిదినం తెరవవలెను. ముఖ్య ప్రదర్శన వేడిగా ఉండవలెను. జొన్నలు సంస్థాపకులు సమకూర్చవలెను. సందర్శకులు ముంతలు తామే తెచ్చుకొనవలెను. ప్రవేశ రుసుము ఒక మూసిన పిడికిలి, దానిని ఎవరూ విప్పి చూడరాదు. చారిత్రక సత్యం కొరకు మొదటి గరిటె సంస్థాపకులే స్వీకరించవలెను. వారంలో మంజూరై వచ్చింది. ఖితాబు ఇంకా రాలేదు కాబట్టి దొరగారు కిమ్మనలేదు.

మర్నాడు ఉప్పు వచ్చింది. ఆ తర్వాత ఇంత పలచనిది తాగలేనని దొరగారు పిండి పెంచమన్నారు. ఇంకొన్నాళ్లకు పచ్చిమిరపకాయా, ఉల్లిగడ్డా వచ్చాయి. అంబలి చిక్కబడి గటకయింది. పొగ లేని మూడిళ్లవాళ్లూ వరుసలో కనిపించారు. సిగ్గుపడవలసిన పని లేదు, వాళ్లు సందర్శకులు. అన్ని ప్రదర్శనశాలల్లోనూ సందర్శకులు తగ్గుతున్నారని మా దఫ్తరు దిగులు పడుతున్న రోజుల్లో, మా శాలకు ఒకసారి వచ్చినవాళ్లు మర్నాడు మళ్లీ వచ్చేవాళ్లు.

నేను ఈ వ్యవహారంలో నేర్చుకున్నవి రెండే. వస్తువును నిలబెట్టేది నంబరు కాదు, వాడకం. వంట బాగుపడాలంటే పెట్టేవాడు కూడా తినాలి. రెండూ మా శాఖ పాఠాల్లో లేవు.

మృగశిరలో వానలు పడ్డాయి. ఖితాబూ వచ్చింది, ప్రజలతో కలిసి గంజి తాగిన ప్రభువని ప్రశంసతో సహా. అప్పటికి నేను హైదరాబాదులో నా బల్ల ముందున్నాను. కొన్నాళ్లకు దొరగారి అర్జీ ఒకటి నా దగ్గరికే వచ్చింది. వానలు పడ్డాయి గనుక మొదటి గరిటె నియమం నుంచి విముక్తి దయచేయవలెనని. నియమావళిలో ముగింపు తేదీ రాయడం నేను మరిచిపోయానట. నిజమే, మరిచిపోయాను, ఎంతో శ్రద్ధగా మరిచిపోయాను. అర్జీ అంచున మా దఫ్తరు పద్ధతి ప్రకారం ఏతరాజ్, అంటే అభ్యంతరం, రాసి తిప్పి పంపాను: 'అర్జీదారు తాతగారు మొదటి గరిటె తాగడం ఎప్పుడు మానివేసిరో చారిత్రక ఆధారం జతపరచవలెను.'

ఆధారం రాలేదు. నేను బదిలీ అయ్యేదాకా నాకు తెలిసి దొరగారు తాగుతూనే ఉన్నారు.