ఆయన బొటనవేలు

రీలు కెమెరాతో గురజాల వచ్చినాయన మూడు రోజులు నా ఆటోలోనే తిరిగాడు. అన్నీ నలుపు తెలుపు ఫోటోలే. ఒక్కోటి తియ్యగానే బొటనవేలితో మీట లాగేవాడు. "ఇది లాగితేనే రీలు జరుగుతుందన్నా" అని నాకూ చూపించాడు.

మిరపకల్లంలో కాయలు ఏరే ఆడోళ్లను తీస్తుంటే, మా అమ్మ మొహం కడుక్కుని, బొట్టు పెట్టుకుని వచ్చి నిలబడింది. ఆయన కెమెరా కంటికి పెట్టి నొక్కినట్టు నటించాడు. టక్కుమనలేదు, బొటనవేలు కదల్లేదు.

"బాగా పడ్డానా నాయనా?"

"చాలా బాగా పడ్డారమ్మా. పంపిస్తా."

ఆటోలో నిలదీస్తే, "ముస్తాబై నిలబడితే ఏం బాగుంటుంది? రీలు దండగ" అని నవ్వాడు.

అమ్మ ఇప్పటికీ "ఫోటో వచ్చిందేమో చూడరా" అంటది. నేను ఫోన్ తెరిచి బొటనవేలితో పైకీ కిందికీ జరుపుతా.

"ఇంకా రాలేదమ్మా."