చేతులు చూడమన్నాడు

నాయన దగ్గర లైసెన్సున్న రివాల్వర్ ఉండేది. మా ఊరు పెనుకొండకూ ధర్మవరానికీ మధ్యలో ఉంటుంది. ఒకప్పుడు ఆ వైపు, పొలాలున్న కొన్ని ఇళ్లలో అది ఉండటం వింత కాదు. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా నాయన దాన్ని గుడ్డలో చుట్టి స్టేషన్‌లో అప్పగించేవాడు, అవి అయిపోయాక తెచ్చుకునేవాడు. ఎవరి మీదైనా పేల్చాడని నేను వినలేదు. ఆయన పోయాక మేమే దాన్ని స్టేషన్‌లో ఇచ్చేశాం. నా పేరు మీదికి మార్చుకుంటానా, వద్దని రాసిస్తానా అన్నది నేను తేల్చాలి.

"అది ఇంట్లో ఉండాదని తెలిసే ఒకడూ మీ చేను గట్టు జరపలేదు," అన్నాడు మేనమామ. "నువ్వు హిందూపురంలో పుస్తకాలు సదువుకుంటా కూచుంటే ఆడ మీ యమ్మకు ఎవరప్పా దిక్కు?"

లైసెన్సు నా పేరుకు మార్చుకోవాలంటే శిక్షణ సర్టిఫికెట్ కావాలన్నారు. ఆదివారాలు ధర్మవరం వెళ్లడం మొదలుపెట్టాను.

నేర్పేది పోలీసు ఉద్యోగం నుంచి రిటైరైన మనిషి. ఊరి బయట, ఎత్తుగా మట్టికట్ట పోసిన స్థలంలో నేర్పేవాడు. దూరం నుంచి గురి చూడటం ఆయనకు పెద్ద విషయం కాదు. ఆయనకు ఇష్టమైన పాఠం దగ్గరి పోరు. దానికి రబ్బరు పిస్తోలు ఇచ్చేవాడు.

"ఏమబ్బా, పేపరు సదివేటోని మాదిరి నిలబడినావే! వచ్చేటోడు నీకు నమస్కారం పెడతాడనుకుంటాండావా?" అనేవాడు. "మంచమంత జాగా కూడా లేనప్పుడు తుపాకి తీస్తే వాడే గుంజుకుంటాడు. ముందు ఎడమ చెయ్యి, దవడ మీద. వాడు ఎనక్కి పోతాండంగా కుడి చెయ్యి నడుముకు. మొహం చూడొద్దు. చేతులు చూడు. సంపేది చేతులే."

నాయన బతికున్నప్పుడు ఆ రివాల్వర్‌ను నేను ముట్టుకోలేదు. అదంటే చులకన కూడా ఉండేది. అలాంటివాణ్ని, చెమట కారుతూ అదే కదలికను మళ్లీ మళ్లీ చేసేవాణ్ని. అక్కడున్నంతసేపూ నాయన పోయిన సంగతి గుర్తుండేది కాదు. అమ్మ కోసం వెళ్తున్నానని అందరికీ చెప్పాను. వెళ్లింది ఈ మరుపు కోసం.

నాయన మాసికం ఒకదానికి ఊరికి వెళ్లాను. భోజనాలయ్యాక వాకిట్లో తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటుంటే, వెనక ఎవరో దగ్గరగా వచ్చినట్టు అనిపించి తిరిగాను. నల్ల కంబళి. దాని లోపల ఒక చెయ్యి పైకి లేస్తోంది. నా ఎడమ అరచెయ్యి ఆ మనిషి దవడకు తగిలింది. ఆయన వెనక్కి వెళ్లి మెట్టు మీద పడ్డాడు. నా కుడి చెయ్యి నడుము దగ్గర, ఏమీ లేనిచోట, పంచెను పట్టుకుని ఉంది.

అప్పుడు మొహం చూశాను. నాయనతో చిన్నప్పటి నుంచి తిరిగిన మనిషి. గొర్రెల మంద ఉంది ఆయనకు. గడ్డి కోసం మందను తోలుకుని కర్నూలు వైపు కాలువల కిందికి వెళ్లి, ఆ రోజే తిరిగొచ్చాడు. నాయన పోయినట్టు ఊళ్లోకి వచ్చాకే తెలిసింది. చావు జరిగిన ఇంటికి మొదటిసారి వచ్చేవాళ్లు మా వైపు పిలవరు, పలకరించరు. నేరుగా వచ్చి చెయ్యి పట్టుకుంటారు. ఆయన ఏడుపు ఆపుకోలేక కంబళి చెంగును నోటికి అడ్డం పెట్టుకోబోయాడు. నేను చూసింది ఆ చెయ్యి.

"నేనప్పా... నేను," అన్నాడు. పెదవి తెగి గడ్డం మీదికి రక్తం కారుతోంది.

చప్పుడు విని అమ్మ బయటికి వచ్చింది.

"కాలు జారినాది వదినా," అన్నాడాయన వెంటనే. "ముసలి కాళ్లు. మందెనక తిరిగి తిరిగి పనికి రాకుండా పోయినాయి."

అమ్మ నీళ్లు తెచ్చింది. నేను గుడ్డ తెచ్చాను. ఆయన చెప్పింది అబద్ధమని అనలేదు. బండి మీద పెనుకొండ తీసుకెళ్లి కుట్లు వేయించాను. డాక్టరు అడిగితే అక్కడ కూడా కాలే జారింది.

తర్వాతి ఆదివారం నేర్పే ఆయనకు జరిగింది చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఎవర్ని కొట్టినావనేది ఇడ్సిపెట్టు," అన్నాడు ఉత్సాహంగా. "చెయ్యి దానంతటదే లేచినాదా లేదా? లేచినాది కదా! పాసైపోతివి పో!" పక్కనున్న ఇద్దరు నవ్వారు. ఒకతను నా భుజం తట్టాడు. ఒక క్షణం నాకు గర్వంగా అనిపించింది. ఆ క్షణం గురించి ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రమే సర్టిఫికెట్ జేబులో పెట్టుకుని ఊరికి వెళ్లి, అమ్మకు నిజం చెప్పాను. ఆమె చేస్తున్న పని ఆపలేదు. తల ఎత్తకుండానే అంది:

"మీ నాయన్ను మోయాల్సినోడు ఆయప్ప. ఆ పొద్దు ఊర్లో లేకపాయె. వచ్చి ఏడ్చేదానికి కూడా లేకుండా చేస్తివి కదరా."

మరునాడు స్టేషన్‌కు వెళ్లి రివాల్వర్ వద్దని రాసిచ్చాను. "బాగా ఆలోచించుకున్నావా?" అని స్టేషన్ రైటర్ అడిగాడు. తల ఊపాను. అక్కడి నుంచి నాయన స్నేహితుడి ఇంటికి వెళ్లాను.

నన్ను చూడగానే ఆయన కోడలు పిల్లల్ని లోపలికి పొమ్మంది. అంటే ఇంట్లో వాళ్లకు తెలుసు. ఆయన మంచం మీద జరిగి చోటిచ్చాడు. నాకు సంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టారు. పెదవి వాచి ఉండటంతో ఆయన గ్లాసులో అంబలి తాగుతున్నాడు.

"తుపాకి వద్దని రాసిచ్చి వచ్చినా చిన్నాయనా," అన్నాను.

"దాని మాట ఇడువప్పా," అన్నాడు. నేను ఇంకేదో చెప్పబోతే చేత్తో ఆపాడు. "మీ నాయన ఎట్ల పోయినాడో చెప్పు. ఎవురూ నాకు సరిగ్గా చెప్పలే."

చెప్పాను. తెల్లవారుజామున నీళ్లు అడిగిన సంగతి, నేను లోటా తెచ్చేలోపే అయిపోయిన సంగతి. ఆయన వింటూ, కుట్లు లాగకుండా పెదవిని రెండు వేళ్లతో పట్టుకుని ఏడ్చాడు.